ఆ కెంపు థీబా రాజుది కాదండీ: దేశం విడిచిన రాజుల నగలు - అపోహలు, వాస్తవాలు

గత నెల మా ల్యాబ్‌కి ఒక రిటైర్డ్ టీచర్ గారు భార్యతో వచ్చారు. చిన్న వెల్వెట్ డబ్బాలో బొటనవేలి గోరంత ఎర్ర రాయి తెచ్చారు. "బర్మా రాజు థీబా ఖజానాలోదట సార్. 1885లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ని పట్టుకుపోయిన రాత్రి కోటలోంచి బయటికి వచ్చిందట. నాలుగు లక్షలు అడ్వాన్స్ ఇచ్చాం. మిగతా పదహారు ఈ వారంలో ఇవ్వాలి" అన్నారు. ఇద్దరూ పెన్షన్ మీద బతికేవాళ్లే. కూతురి పెళ్లికి దాచిన డబ్బది.

మైక్రోస్కోప్ కింద పెట్టాను. గ్రామఫోన్ రికార్డు మీద ఉండే గీతల్లా, వంపు తిరిగిన సన్నని గీతలు కనిపించాయి. అక్కడక్కడా గుండ్రటి గాలి బుడగలు. భూమిలో పుట్టిన కెంపులో రంగు గీతలు అలా వంపు తిరగవు. ఇది మంటలో పొడి కరిగించి తయారు చేసిన కెంపు. ఫ్రాన్స్‌లో వెర్నోయ్ అనే ఆయన 1902లో ఈ పద్ధతిని లోకానికి చెప్పాడు. 1907 నాటికే ఏడాదికి సుమారు వెయ్యి కిలోలు తయారయ్యేవి. థీబా మాండలే కోట దిగిపోయేనాటికి ఈ పద్ధతి లోకానికి ఇంకా తెలియదు. మాస్టారు ఇంకోసారి చూడమన్నారు. చూశాను. మళ్లీ చూడమన్నారు. అప్పుడూ చూశాను.

ఇరవై రెండేళ్లుగా రాళ్లు పరీక్షించడమే నా పని. రష్యా చక్రవర్తి జారు గారి రవ్వలనీ, టర్కీ ఖలీఫా పచ్చలనీ, బర్మా రాణి కెంపులనీ చెప్పి తెచ్చినవి ఎన్ని చూశానో లెక్క లేదు. ఒక్కదానికీ ఆ రాజ్యంతో సంబంధం ఉందని చూపించే కాగితం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రాజులు పారిపోయినప్పుడు నగలన్నీ చెల్లాచెదురై జనం చేతుల్లో పడ్డాయి. కాబట్టి ఏ రాయైనా అక్కడిది అయ్యుండొచ్చు.

జనం డబ్బు పోగొట్టుకునేది ఈ ఒక్క మాట దగ్గరే. దీనికి బలం ఎక్కడిదంటే, ఇందులో కొంచెం నిజం ఉంది. మాండలేనే తీసుకోండి. 1885 నవంబర్ 28న ఇంగ్లీషు సైన్యం కోటను చుట్టుముట్టింది. ఆ రాత్రి కోటలోకి ఆడవాళ్ల రాకపోకల్ని ఆపలేదు. తెల్లారేసరికి చాలా సొత్తు బయటికి వెళ్లిపోయింది. మర్నాడు థీబాను, రాణి సుపయలాత్‌ను ఓడ ఎక్కించారు. రంగూన్ మీదుగా ముందు మద్రాసుకి, 1886 ఏప్రిల్‌లో రత్నగిరికి చేర్చారు. వాళ్ల ఙమౌక్ అనే పెద్ద కెంపు ఆ గందరగోళంలోనే మాయమైంది. జాగ్రత్త చేస్తానని ఇంగ్లీషు అధికారి కర్నల్ స్లేడెన్ తీసుకుని తిరిగి ఇవ్వలేదని రాజకుటుంబం ఆరోపణ. థీబా ఎన్ని అర్జీలు పెట్టుకున్నా అది తిరిగి రాలేదు. 1916లో రత్నగిరిలోనే చనిపోయాడు.

కాబట్టి కోటలోంచి రాళ్లు బయటికి వచ్చాయన్నది నిజమే. కానీ బయటికి వచ్చిన రాయి మీద రాజు పేరు ఉండదు. కెంపు లోపలి సన్నని సూదుల్లాంటి గీతలు, అందులోని రసాయనాలు చూసి "ఇది బర్మాలోని మొగోక్ ప్రాంతపు రాయి కావచ్చు" అని పెద్ద ల్యాబ్ చెప్పగలదు. అది ఎవరి వేలికి ఉండేదో ఏ యంత్రమూ చెప్పలేదు. మొగోక్ గనుల్లో వందల ఏళ్లుగా కెంపులు తీస్తున్నారు. అవన్నీ థీబావి కావు కదా. అలాంటప్పుడు "ఇది థీబాది" అని అమ్మేవాడు దేన్ని చూపించి అమ్ముతున్నాడు? నోటిమాట తప్ప వాడి దగ్గర ఏముంది?

ఇక రష్యా సంగతి. జారు ఖజానా నగలను, 1917లో రాచరికం కూలాక వచ్చిన విప్లవ ప్రభుత్వం ఒక్కొక్కటిగా లెక్కగట్టింది, ఫోటోలు తీయించింది, 1925-26లో కేటలాగ్‌గా అచ్చు వేసింది. కొన్ని అమ్మింది కూడా. 1926లో ఒక లండన్ వ్యాపారి సుమారు తొమ్మిదిన్నర కిలోల నగల్ని 50,000 పౌండ్లకు కొన్నాడు. రాజకిరీటాల సొత్తును కిలోల్లో లెక్కపెట్టారంటే ఆ రోజుల్లో అమ్మకం ఎలా సాగిందో అర్థమవుతుంది. 1927 మార్చిలో లండన్ క్రిస్టీస్‌లో వాటిని 124 లాట్లుగా, అంటే విడివిడి భాగాలుగా, వేలం వేశారు. ప్రతి లాటుకీ నంబరు ఉంది, వివరం ఉంది. ఆ రాళ్లలో ఒకటి నిజంగా మీ దాకా వచ్చి ఉంటే దాని వెంట ఆ నంబరు కూడా వస్తుంది.

జారు పినతండ్రి భార్య, గ్రాండ్ డచెస్ మరియా పావ్లోవ్నా నగల దారి కూడా ఇలాగే తెలుసు. 1917లో బెర్టీ స్టాప్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు మిత్రుడు అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లోని ఆమె రాజభవనం నుంచి నగలు బయటికి తెచ్చి లండన్ చేర్చాడు. ఆమె 1920లో ఫ్రాన్స్‌లో కన్నుమూసింది. పిల్లలకు రంగుల వారీగా పంచారు: పచ్చలు ఒకరికి, కెంపులు ఒకరికి, ముత్యాలు ఒకరికి, రవ్వలు కూతురు ఎలెనాకి. ఎలెనా తన వాటాలోని టియారాను, అంటే తల మీద పెట్టుకునే కిరీటంలాంటి నగను, 1921లో ఇంగ్లండు రాణి మేరీకి అమ్మింది. తర్వాత దాన్ని ఎలిజబెత్ రాణి ఎన్నోసార్లు పెట్టుకున్నారు. ఎవరు తెచ్చారు, ఎవరికి వచ్చింది, ఎవరు కొన్నారు, అంతా రాసి ఉంది.

ఇదే కుటుంబానికి చెందిన మరికొన్ని వస్తువుల్ని, కఫ్‌లింకులు, సిగరెట్ డబ్బాలు, దిండు గలీబుల్లో పెట్టి 1918లో పెట్రోగ్రాడ్‌లోని స్వీడన్ రాయబార కార్యాలయంలో అప్పగించారు. తొంభై ఏళ్లు స్వీడన్ విదేశాంగ శాఖ భద్రపరిచిన వాటిలో పడి ఉన్నాయి. బయటపడ్డాక 2009 నవంబర్‌లో లండన్ సోథెబీస్ వేలంలో అంచనాల్ని మించి పలికాయి. అంత ధర ఎందుకు పలికింది? అవి ఎవరివో, అక్కడికి ఎలా వచ్చాయో చూపించే ఆధారం ఉంది కాబట్టి. ఆ ఆధారం లేకపోతే అవి పాత కఫ్‌లింకులే.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లని మొదట అడిగేది ఒక్కటే: కాగితం ఏది? అమ్మేవాడు తనే టైప్ చేయించుకున్న "రాజవంశ ధృవీకరణ పత్రం" కాదు. పాత వేలం కేటలాగ్‌లో పేజీ, నగల వ్యాపారి ఖాతా నకలు, బ్యాంకు డిపాజిట్ రసీదు, ఆ నగ పెట్టుకున్న పాత ఫోటో, వీటిలో ఏదో ఒకటి కావాలి. ఏదీ లేకపోతే రాయికి రాయి ధరే ఇవ్వండి, అదీ ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చాకే. కథకంటూ ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వొద్దు. "రేపటికి ఇంకో పార్టీ వస్తోంది" అని తొందరపెడితే ఆ పార్టీకే ఇచ్చుకోమనండి.

అపోహ: మా ఇంట్లో పెద్దవాళ్లు రంగూన్ నుంచి తెచ్చిన ఉంగరం కచ్చితంగా రాజుల సొత్తే.

ఇది అడిగేవాళ్ల మీద నాకు కోపం రాదు. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది మనవాళ్లు బర్మా వదిలి వచ్చారు. ఓడ దొరకనివాళ్లు కొండలూ అడవులూ దాటి నడిచారు. దారిలో కలరా, ఆకలి. వాళ్లలో తెలుగువాళ్లు, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ, గోదావరి వైపు వాళ్లు చాలామంది. శ్రీకాకుళం వైపు నుంచి ఒక మామ్మగారు మనవడితో వచ్చారు. "మా అత్త నడిచొచ్చింది బాబూ. ఇద్దరు పిల్లల్ని దారిలో పోగొట్టుకుంది. ఈ ఉంగరం మాత్రం కొప్పులో పెట్టుకుని తెచ్చింది" అన్నారు. చూస్తే అదీ మంటలో చేసిన కెంపే. బంగారం మాత్రం మంచిది. రంగూన్ బజారులో ఆ కాలానికి అలాంటి రాళ్లు మామూలే. కొన్నావిడకు తెలిసే కొని ఉండొచ్చు, తెలియకా కొని ఉండొచ్చు. ఆమె మోసగత్తె కాదు, మీ కుటుంబం చెప్పుకున్నది అబద్ధమూ కాదు. ఉన్నదున్నట్టు మామ్మగారికి చెప్పాను. బంగారం విలువ రాసిచ్చాను, ఇంట్లోనే ఉంచుకోమన్నాను. మనవడు అమ్మేద్దామని వచ్చాడు. ఆవిడ ఉంగరం తీసి తన కొప్పులో పెట్టుకున్నారు.

ఇలాంటి పాత నగ ఉన్నవాళ్లు ఒక్క పని మాత్రం చేయొద్దు. "రాయి ఊడదీసి చూద్దాం" అనే ఎవరికీ ఇవ్వొద్దు. పాత బిగింపు చెడిపోతే నగ వయసు చెప్పే సాక్ష్యమే పోతుంది. పైగా ఊడదీసిన చోట రాయి మారిపోయిన కేసులు చూశాను.

మిగతావి త్వరగా చెబుతాను.

రోమనోవ్‌ల, అంటే రష్యా జారు కుటుంబం, నగలన్నీ వాళ్లతోనే పోయాయంటారు. కాదు. 1918 జూలైలో యెకాతెరిన్‌బర్గ్‌లో కుటుంబాన్ని చంపినప్పుడు కూతుళ్ల లోదుస్తుల్లో కుట్టి దాచిన నగలు బయటపడ్డ మాట నిజం. ఉత్తరాల్లో వాటిని "మందులు" అని రహస్యంగా రాసుకునేవారు. కానీ అంతకుముందు ఉన్న తొబోల్స్క్‌లో మరికొన్ని నమ్మకస్తుల దగ్గర దాచి వెళ్లారు. 1933లో సోవియట్ పోలీసులు అక్కడ 154 వస్తువులు పట్టుకున్నారు.

నగలుంటే పరాయి దేశంలో తరతరాలు తినొచ్చంటారు. జారు తల్లి మరియా ఫ్యోదొరోవ్నా 1919లో క్రిమియా నుంచి బ్రిటిష్ యుద్ధనౌకలో బయటపడింది. 1928లో తను చనిపోయేవరకూ నగల పెట్టె దగ్గరే ఉంచుకుంది. బతికింది మాత్రం అక్క కొడుకు, ఇంగ్లండు రాజు ఐదో జార్జి ఇచ్చే భత్యం మీద. 1924లో టర్కీ నుంచి వెళ్లగొట్టిన ఖలీఫా అబ్దుల్ మజీద్ కూడా అంతే. ఆయన కూతురు దుర్రుషెహ్వార్ 1931లో మన నిజాం కొడుకు ఆజం జాను పెళ్లాడి హైదరాబాద్ వచ్చింది. ఆమెతో ఒట్టోమన్ ఖజానా వచ్చిందని పాతబస్తీలో ఇప్పటికీ చెబుతారు. కూతురి పెళ్లికి ఏళ్ల ముందు నుంచే ఆ ఖలీఫాకు నెలకు 300 పౌండ్లు పంపింది నిజామే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు కిరీటం కెనడా వెళ్లిందంటారు. వెళ్లింది బంగారం నిల్వలు. కిరీటంలోని ముఖ్యమైన రాళ్లు ఊడదీసి బిస్కెట్ డబ్బాలో పెట్టి విండ్సర్ కోటలోనే పాతిపెట్టారు. ఆ కిరీటంలో "బ్లాక్ ప్రిన్స్ రూబీ" అని పేరున్న ఎర్ర రాయి అసలు కెంపే కాదు, స్పినెల్ అనే వేరే రకం రాయి. రాజుల ఇంట్లోనే పేరు తప్పుగా పడిందంటే మీ ఊరి బ్రోకర్ చెప్పే పేరుని ఎంతవరకు నమ్ముతారు?

చివరిది ఫ్లోరెంటైన్ వజ్రం. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గు వంశంవాళ్ల 137 క్యారట్ల లేత పసుపు రాయి. 1918 నవంబర్‌లో సామ్రాజ్యం కూలుతుంటే వియన్నా ఖజానా నుంచి స్విట్జర్లాండ్‌కి తరలించారు. చక్రవర్తి కార్ల్ 1922లో మదైరా దీవిలో చనిపోయాడు. ఆ తర్వాత రాయిని దొంగిలించారనీ, ముక్కలు చేసి అమ్మేశారనీ వందేళ్లు చెప్పుకున్నారు. నేనూ మా ట్రైనీలకు అలాగే చెప్పేవాణ్ణి. 2025 నవంబర్‌లో కుటుంబమే అసలు సంగతి బయటపెట్టింది: కార్ల్ భార్య రాణి జీటా నాజీల నుంచి తప్పించుకుని 1940లో కెనడా చేరినప్పుడు చిన్న సూట్‌కేసులో వెంట తీసుకెళ్లింది, అప్పటినుంచి బ్యాంకు లాకర్‌లో ఉంది, భర్త పోయి వందేళ్లయ్యేదాకా చెప్పొద్దని కొడుకుల దగ్గర మాట తీసుకుంది. ఆ వార్త వచ్చిన వారంలోనే నాకు మూడు ఫోన్లు. "చూశారా సార్, పోయాయనుకున్నవి దొరుకుతున్నాయి, మాదీ అయ్యుండొచ్చు కదా?" అని. గమనించండి, అది దొరికింది ఆ కుటుంబం లాకర్‌లోనే. దాన్ని పాత కొలతలతో, కోత తీరుతో పోల్చి చూశారు. ఆ ఇంటికి ఆస్థాన నగల వ్యాపారులుగా ఉన్న కుటుంబంవాళ్లే పరీక్షించారు.

మాస్టారి సంగతి చెప్పి ఆపేస్తాను. మిగతా పదహారు లక్షలు ఇవ్వలేదు. నాలుగు లక్షల కోసం పోలీసు కంప్లైంట్ ఇచ్చారు. వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రసీదు, నా రిపోర్టు జత చేశారు. మీలో ఎవరైనా ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి టెన్షన్ పడుతుంటే ముందు అమ్మినవాడికి ఫోన్ చేసి గొడవ పెట్టుకోకండి. మెసేజ్‌లు డిలీట్ చేయకండి. రాయిని కడక్కండి, నిమ్మరసంతో రుద్దకండి. గాజు నింపిన కెంపులు నిమ్మరసానికే పాడవుతాయి, తర్వాత ఆ తప్పు మీ మీదికే తోస్తారు. ఉన్నది ఉన్నట్టు డబ్బాతో సహా ఏదైనా మంచి ల్యాబ్‌కి తీసుకెళ్లి, తేదీ వేసిన రాతపూర్వక రిపోర్టు తీసుకోండి.