ఫీడ్‌బ్యాక్ ఫారం: క్లాసు గది నుంచి పోర్టల్‌కి

లెక్చరర్ బయటికి వెళ్లేవారు. సీఆర్, అంటే క్లాసు ప్రతినిధి, ఆయన పాఠం ఎలా ఉందో అడిగే ఫారాలు పంచేవాడు. పది నిమిషాల్లో టిక్కులు పెట్టి ఇచ్చేస్తే, కట్ట కట్టి ఆఫీసులో అప్పగించేవాడు. ఆ రోజు రానివాళ్ల మాట లెక్కలోకి వచ్చేది కాదు. వచ్చినవాళ్లు మాత్రం దాదాపు అందరూ నింపేవారు.

పాఠం ఎలా ఉందో విద్యార్థినే అడగడం అమెరికాలో 1920ల నాటికే ఉంది. పర్డ్యూ యూనివర్సిటీలో హెర్మన్ రెమర్స్ అనే సైకాలజిస్టు అధ్యాపకుల కోసం రేటింగ్ స్కేలు తయారుచేశారు. 1960ల విద్యార్థి ఉద్యమాలతో ఈ పద్ధతి బాగా పాకింది. యంత్రం చదివే ఓఎంఆర్ షీట్లు వచ్చాక వేల ఫారాలు లెక్కపెట్టడం తేలికైంది. మన దేశంలో 1994లో కాలేజీలకు గ్రేడులిచ్చే సంస్థ న్యాక్ ఏర్పడి, గ్రేడు కావాలంటే ఫీడ్‌బ్యాక్ చూపించాల్సి రావడంతో కాలేజీలు దీన్ని పట్టించుకున్నాయి.

ఇంటర్నెట్ వచ్చాక కాగితం ఖర్చు, డేటా ఎంట్రీ తప్పాయి. కానీ నింపేవాళ్లు తగ్గారు. ఆస్ట్రేలియాకు చెందిన పరిశోధకుడు డంకన్ నల్టీ 2008లో కొన్ని సర్వేల లెక్కలు పోల్చి చూస్తే కాగితం మీద సగటున 56 శాతం, ఆన్‌లైన్‌లో 33 శాతం మంది స్పందించినట్టు తేలింది. అయితే అధ్యాపకులకు పడే సగటు మార్కుల్లో పెద్ద తేడా ఉండదనే చాలా అధ్యయనాలు చెప్పాయి. పైగా టైప్ చేసే అభిప్రాయాలు చేత్తో రాసినవాటి కంటే పొడవుగా ఉంటాయి.

నా దృష్టిలో పోయింది కాగితం కాదు, క్లాసులో ఇచ్చే ఆ పది నిమిషాలు. ఆ టైమ్ ఇచ్చి అక్కడే ఫోన్లలో నింపమంటే స్పందన మళ్లీ పెరుగుతుంది. అది మానేసి, ఫీడ్‌బ్యాక్ ఇస్తేనే హాల్‌టికెట్ డౌన్‌లోడ్ అయ్యేలా పెడుతున్న కాలేజీలున్నాయి. రేపు పరీక్ష పెట్టుకుని ఆ టెన్షన్‌లో ఉన్న పిల్లాడు ఎనిమిది సబ్జెక్టులకీ వరసగా ఒకే నంబరు నొక్కుతూ పోతాడు. శాతం నూరవుతుంది, అందులో మాస్టారికి పనికొచ్చే మాట ఒక్కటీ ఉండదు.

2017లో న్యాక్ తెచ్చిన విధానంలో విద్యార్థి సంతృప్తి సర్వే ఆన్‌లైన్‌లోనే జరిగేలా పెట్టారు. లింకు నేరుగా విద్యార్థి మెయిల్‌కే వెళ్లేలా చేశారు. కాలేజీ చేయి పడకుండా అడగడం నాకు నచ్చిన మార్పు.

కాలేజీల సొంత పోర్టళ్లలో మాత్రం పాత భయమే కొత్త రూపంలో ఉంది. అప్పుడు చేతిరాత గుర్తుపడతారేమోనని పెద్దక్షరాల్లో రాసేవాళ్లు. ఇప్పుడు రోల్ నంబరుతో లాగిన్ అవ్వాలి. 'మీ పేరు ఎవరికీ తెలియదు' అని స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటుంది. ఇంటర్నల్ మార్కులు వేసేది ఆ సారే అయినప్పుడు ఏ పిల్ల ధైర్యంగా అన్నిటికంటే తక్కువైన ఒకటో నంబరు నొక్కుతుంది?