పులుపు మనకు, గింజ మిల్లుకు

మార్చి వచ్చిందంటే పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు ఊళ్లలో చింతకాయలు కొట్టే చప్పుడే. పండు మార్కెట్‌కు పోతుంది. తిరుమల పులిహోర దగ్గర్నుంచి మన ఇంటి చారు దాకా దాని సంగతి అందరికీ తెలుసు, వాట్సాప్‌లో తిరిగే గొప్పలు కూడా తెలుసు (షుగర్ మాయం, రక్తం శుద్ధి, ఇంకా ఏమేమో). వాటిని పక్కన పెట్టండి, పరీక్షల్లో తేలినవే అంతకంటే ఆసక్తిగా ఉన్నాయి.

ముందు నీళ్ల సంగతి. మన పడమటి మండలాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతున్నాయి. అంత లోతులో గ్రానైట్ పగుళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకంటే ఎక్కువ ఉన్న నీళ్లు చిన్నప్పట్నుంచి తాగితే పళ్లకు గార పట్టినట్టు మచ్చలు, మరీ ఎక్కువైతే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవడం. మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లో తొలిసారి రాసింది అప్పటి నెల్లూరు జిల్లా జనాన్ని చూసే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కొందరు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టి చూశారు. 2002లో వచ్చిన ఆ ఫలితాల్లో, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ రోజుకు 4.8 మిల్లీగ్రాములు, చింతపండు పెట్టనప్పుడు 3.5. ఎందుకలా అంటే ఒక వివరణ ఉంది: మూత్రంలో ఆమ్లం తగ్గితే ఫ్లోరైడ్ విడి అయాన్‌గా (విద్యుదావేశమున్న కణంగా) ఉండిపోతుంది, ఆ రూపంలో అది కిడ్నీ నాళాల గోడ దాటి మళ్లీ రక్తంలోకి రాలేదు. చింతపండు అంత పుల్లగా ఉండి కూడా ఒంట్లోకి పోయాక మూత్రాన్ని క్షారం వైపు తిప్పుతుందంటే తమాషాగానే ఉంటుంది. అయితే అది కొద్దిమంది పిల్లల మీద చేసిన పరీక్ష. దాన్ని చూపించి ఫిల్టర్ మానేసి చారు తాగమనేవాళ్లను నమ్మొద్దు, చారులో ఉప్పు కూడా ఉంటుంది మరి.

నాకు అసలు కథ గింజలోనే కనిపిస్తుంది. వామనగుంటలు ఆడుకునే ఆ గింజ పైపొట్టులో టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువ, అందుకే పెద్దవాళ్లు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి తినేవాళ్లు. లోపలి తెల్లపప్పులో సగానికి పైగా జైలోగ్లూకన్ అనే పొడవాటి చక్కెర గొలుసులే. ఆ పప్పు పొడినే బట్టల మిల్లుల్లో, జనపనార మిల్లుల్లో నూలుకు గంజిగా పెడతారు.

ఈ గొలుసుకు పక్కన వేలాడే గలాక్టోజ్ అనే చక్కెర ముక్కల్లో దాదాపు సగాన్ని ఎంజైమ్‌తో కోసేస్తే గుణమే మారిపోతుంది. నెయ్యి చల్లబడితే గడ్డకడుతుంది కదా, ఇది దానికి తిరగబడి, చల్లగా ఉన్నప్పుడు ద్రవంగా ఉండి మన ఒంటి వేడికి జెల్ అవుతుంది. సూదితో లోపలికి పంపితే అక్కడ గట్టిపడి మందును కొద్దికొద్దిగా వదిలే పదార్థం చేయొచ్చని పరిశోధనలు నడుస్తున్నది అందుకే. ఎంజైమ్ పెట్టని మామూలు జైలోగ్లూకన్‌కూ పని ఉంది. కంటిమీద తడిపొరలో ఉండే మ్యూసిన్ అనే జిగురు పదార్థం మాదిరి కొమ్మలున్న ఆకారం కాబట్టి అక్కడ అతుక్కుని కాసేపు నిలుస్తుంది, యూరప్‌లో పొడికళ్లకు దీంతో చేసిన చుక్కలమందు అమ్ముతున్నారు.

ప్లాస్టిక్ కవర్ల బదులు ఈ జైలోగ్లూకన్‌తో పల్చటి పొరలు చేసే ప్రయత్నాలూ ఉన్నాయి గానీ అక్కడ చిక్కు ఉంది. ఉత్త పొర పెళుసుగా విరుగుతుంది. గ్లిసరిన్ కలిపితే వంగుతుంది కానీ చెమ్మ పీల్చుకుంటుంది, మన వానాకాలంలో అలాంటి కవర్ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏర్పేడు పక్కనే ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువు, పరిశోధన సంస్థ) రెండూ ఉన్నాయి, పుంగనూరు వైపు గింజకు కొదవ లేదు. ఎవరైనా కుర్రాళ్లు ప్రాజెక్టుకు టాపిక్ వెతుకుతుంటే ఈ చెమ్మ సమస్యే తీసుకోమంటాను.