నాగలింగం చెట్టుకు కాయ ఎందుకు నిలవదు?

"మా కాలనీ గుడిలో నాగలింగం మాను నిండా పూస్తుంది, ఒక్క కాయా కట్టదు. ఏమైనా దోషమా అండీ?" అని హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. దోషమేమీ లేదు. పువ్వును అరచేతిలో పెట్టుకుని, దాని మీద పాము పడగలా వంగిన భాగాన్ని పైకెత్తి చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

చెట్టు మనది కాదు, దక్షిణ అమెరికాది. 1775లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఓబ్లే దీన్ని కౌరౌపిటా గయానెన్సిస్ అని వర్ణించాడు. కుటుంబం లెసిథిడేసీ, అంటే బ్రెజిల్ నట్‌కు చుట్టం. నాగకేసరం పూర్తిగా వేరే చెట్టు, రెండింటినీ కలపకండి.

ఇక పువ్వు. ఆరు మందపాటి రేకులు, వాటి నడుమ పుప్పొడినిచ్చే కేసరాలు, అవీ రెండు రకాలు. అండాశయం, అంటే కాయగా మారే భాగం చుట్టూ పళ్లెంలా పరుచుకున్నవి పొట్టి కేసరాలు. ఆ పళ్లెం ఒక అంచు నుంచి నాలుకలా సాగి, వంగి, దాని మీదికే కప్పినట్టు వచ్చేది పడగ. దాని నిండా కూడా కేసరాలే. ఇంత వాసన వేసే పువ్వులో మకరందం చుక్క కూడా లేదు. వచ్చిన కీటకానికి పుప్పొడే కూలి.

చిక్కంతా ఇక్కడే. పుప్పొడిని తిండిగా ఇస్తే తుమ్మెద ఊడ్చుకుపోతుంది, విత్తనానికి ఏం మిగులుతుంది? అందుకే ఈ చెట్టు పుప్పొడిని రెండు వాటాలు చేసింది. పడగలోది మేత, ఫలదీకరణకు పనికిరాదు. పళ్లెంలోదే విత్తనం కట్టించే అసలు పుప్పొడి. తుమ్మెద పడగకూ పళ్లేనికీ మధ్య సందులో దూరి మేత ఏరుకుంటుంటే, పళ్లెంలోని పొడి దాని తలకూ వీపుకూ అంటుకుంటుంది. వీపు మీది పొడిని కాళ్లతో దులుపుకోవడం దానికి కష్టం. అలాగే ఇంకో పువ్వులో దూరినప్పుడు ఆ వీపు పువ్వు నడుమ ఉన్న కీలాగ్రానికి, అంటే పుప్పొడిని అందుకునే కొనకు, రాసుకుంటుంది. సందు కొలత పెద్ద తుమ్మెదకు సరిపోయేది. చిన్న తేనెటీగ వీపు తగలకుండానే మేత తిని వెళ్లిపోగలదు.

భక్తులు లింగమని మొక్కేది కీలాగ్రంతో ఉన్న అండాశయం కొన. చుట్టూ చిన్న లింగాలుగా కనిపించేవి విత్తనం కట్టించే పళ్లెం కేసరాలు. పడగ మేతగది. ఎంత నిశితమైన చూపు! బడిలో పువ్వు భాగాలు చెప్పే టీచర్లు మందారంతో ఆగిపోకుండా దీన్నీ కోసి చూపాలి. ఏళ్లకొకసారే పూస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాటను మాత్రం నమ్మకండి.

కాయ నిలవకపోవడానికి నగరంలో ముందుగా చూడాల్సినవి మూడు. పువ్వు బతుకు ఒక్కరోజే, ఆ ఒక్కరోజూ తెల్లవారకముందే పూజకు కోసేస్తారు. తుమ్మెదలు గూడు తొలుచుకునే ఎండు దుంగలూ వెదుళ్లూ కాలనీల్లో మిగలడం లేదు. మాను నుంచి వేలాడే పూరెమ్మలను ఎండు పుల్లలనుకుని నరికేస్తారు; పూలు వచ్చేది వాటి మీదే.

చేత్తో ప్రయత్నించవచ్చు. ఉదయం ఆరింటికల్లా వేరే నాగలింగం చెట్టు పువ్వు తెచ్చి, పడగ విరిచేసి, పళ్లెంలోని పొడిని మెత్తటి కుంచెకు పట్టించండి. మన చెట్టు పువ్వు పడగను మెల్లగా ఎత్తి, నడిమి కీలాగ్రానికి రాయండి. గుర్తుకు తొడిమకు దారం కట్టండి. రేకులూ కేసరాలూ కలిసి ఊడిపోతాయి, కంగారు వద్దు, అండాశయం మిగిలిందా అన్నదే చూడండి. చాలామంది పొరపడేది పొడి తీసే దగ్గరే: పడగ పెద్దగా కనిపిస్తుంది కదా అని దాంట్లోంచి తీస్తారు. అది ఎంత రాసినా కాయ కాదు.

కాయ పండడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర. 20 సెంటీమీటర్లు దాటే ఫిరంగి గుండు అది. కాబట్టి కాయలు కట్టాక చెట్టు కింద బెంచీలూ బండ్ల పార్కింగూ తీసేయండి. రాలి పగిలితే ఘాటైన కంపు, గాలి తగిలిన గుజ్జు నీలం తిరుగుతుంది. గుజ్జు కడిగి, నూగు గింజలను ఎండబెట్టకుండా వెంటనే విత్తండి.