మోరో దీవి అవతల

హెచ్.జి.వెల్స్ 1896లో రాసిన 'ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో' నవలలో ఒళ్లు గగుర్పొడిచేది జంతుమనుషుల ఆకారాలు కాదు, ఒక ప్యూమా (పెద్ద అడవి పిల్లి జాతి జంతువు) అరుపులు. పసిఫిక్‌లోని దీవిలో డాక్టర్ మోరో దాని నొప్పిని లెక్కచేయకుండా కోసి, అతికించి, మనిషిగా మలచాలని చూస్తుంటాడు. పక్క గదిలో ఉన్న కథకుడు ప్రెండిక్ ఆ కేకలు వినలేక అడవిలోకి వెళ్లిపోతాడు.

వెల్స్ లండన్‌లో పేరున్న జీవశాస్త్రవేత్త టి.హెచ్.హక్స్లీ దగ్గర జీవశాస్త్రం చదువుకున్నాడు. బతికున్న జంతువులను కోసే ప్రయోగాల మీద బ్రిటన్‌లో పెద్ద గొడవే జరిగి, 1876లో లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం కూడా వచ్చింది. నవలలో మోరో ల్యాబ్ నుంచి ఒళ్లంతా కోసిన కుక్క ఒకటి తప్పించుకుని బయటపడుతుంది. పరువు పోయిన మోరో అడిగేవాడు లేని చోటు వెతుక్కుంటాడు. కథకు ఆయువుపట్టు ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కత్తితో ఒక జాతిని ఇంకో జాతిగా మార్చలేం. పరాయి కణజాలాన్ని శరీరం తిప్పికొడుతుంది. అయినా ఆ కోరిక నవలతో ఆగలేదు. గుర్రాల కృత్రిమ గర్భధారణలో దిట్ట అయిన రష్యా శాస్త్రవేత్త ఇల్యా ఇవనోవ్ 1926లో పశ్చిమ ఆఫ్రికాలో ఫ్రాన్స్ వలసగా ఉన్న ఫ్రెంచ్ గినియాకు వెళ్లాడు. మరుసటి ఏడాది మూడు ఆడ చింపాంజీలకు మనిషి వీర్యం ఎక్కించాడు. ఒక్కటీ చూలు కట్టలేదు. అంతకన్నా ఘోరం, ఆసుపత్రికి వచ్చిన ఆఫ్రికా స్త్రీలకు చెప్పకుండానే చింపాంజీ వీర్యం ఎక్కించాలని ఆయన ప్రతిపాదించాడు. గవర్నర్ ఒప్పుకోలేదు కాబట్టి ఆగింది. తన దేశంలో అడగడానికే జంకే పనిని వలస దేశంలో అడగగలిగాడు.

ఇప్పటి ప్రయోగాల ఉద్దేశం వేరు. అవయవాల కొరత నిజంగానే ప్రాణాలు తీస్తోంది, అందుకని జంతువుల్లో మానవ అవయవాలు పెంచాలని చూస్తున్నారు. 2017లో పంది పిండాల్లో మానవ మూలకణాలు (ఏ రకం కణంగానైనా ఎదగగల కణాలు) పెట్టి మూడు, నాలుగు వారాలు పెంచితే, పిండంలోని లక్ష కణాల్లో మానవ కణం ఒకటి కూడా సరిగ్గా నిలవలేదు. 2021లో కోతి పిండాల్లో 25 చొప్పున మానవ కణాలు పెట్టారు. ల్యాబ్‌లో కొన్ని పిండాలు 19వ రోజు దాకా బతికాయి. మానవ కణాలు మెదడులో చేరితే ఏమిటన్న భయంతో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇలాంటి పనులకు 2015లోనే నిధులు ఆపింది. కోతి పిండాల పని చైనాలో జరిగింది. చట్టపరమైన చిక్కులు తప్పించుకోవడానికే అక్కడ చేశారని స్పెయిన్ పత్రికలు రాశాయి.