ఎలుకలు రాజుని నిజంగానే తిన్నాయా?

చిన్నూ, బంగారూ,

మొన్న వీడియో కాల్‌లో, ఎలుకలు రాజుని తినేసిన బురుజు ఎక్కొచ్చానని చెప్పగానే చిన్నూ "నిజంగానా అమ్మమ్మా?" అన్నాడు, అంతలోకే సిగ్నల్ పోయింది. మళ్లీ చేద్దామంటే ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ మీకు పదకొండున్నర. సరే, ఉత్తరమే రాస్తే పోలా అనుకున్నాను. ఒక్క ముక్కలో చెప్పమంటే, తినలేదు. కానీ ఆ ఒక్క ముక్కతో సరిపెట్టుకుంటే అసలు మజా అంతా పోతుంది, అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

ఊరి పేరు క్రుష్విత్సా. పోలండ్‌లో కూయావీ అనే ప్రాంతంలో, గోప్వో అనే సరస్సు ఒడ్డున ఉంటుంది. జనం తొమ్మిది వేల దాకా ఉంటారేమో, అంతే. మీ పిన్నీ బాబాయీ ఆదివారం పూట కారులో తీసుకెళ్లారు. దారి పొడుగునా నేల చదునుగా, నల్లగా ఉంది. మన నల్లరేగడి గుర్తొచ్చిందన్నాను, బాబాయి నవ్వాడు గానీ అది నిజంగానే మంచి సారం ఉన్న భూమి, కూయావీ నల్లనేలలంటే ఇక్కడ అందరికీ తెలుసు. చక్కెర తీసే తెల్ల దుంప పండిస్తారు, మన ఆవాలకి చుట్టమైన ఒక పసుప్పచ్చ పూల మొక్క వేస్తారు. ఆ గింజల నుంచి నూనె తీసే పెద్ద ఫ్యాక్టరీ ఆ ఊళ్లోనే ఉంది. పిన్ని వంటింట్లో ఉన్న నూనె సీసా మీద కూయావీ పేరే ఉంటుంది, ఇన్నాళ్లూ నేను చూసుకోలేదు.

సరస్సంటే మన ఊరి చెరువులా గుండ్రంగా ఉంటుందనుకున్నాను. కాదు. సన్నగా, ఏరులాగా, దాదాపు 25 కిలోమీటర్లు సాగి ఉంది. ఎందుకలా ఉందంటే, వేల ఏళ్ల కిందట ఉత్తరాన ఉన్న స్కాండినేవియా నుంచి ఒక బ్రహ్మాండమైన మంచు పలక ఇక్కడిదాకా దిగి వచ్చింది. ఆ మంచు అడుగున కరిగిన నీళ్లు దారి చేసుకుంటూ పారి, నేలని కాలవలాగా కోసేశాయి. మంచంతా కరిగిపోయాక ఆ కోతలో నీళ్లు నిలిచాయి, అదే గోప్వో. ఇప్పుడు నోతెచ్ అనే నది దక్షిణం వైపు నుంచి దాన్లోకొచ్చి ఉత్తరం వైపు బయటపడుతుంది, పోయి పోయి వార్తా అనే నదిలో, అక్కణ్ణుంచి ఓద్రా అనే నదిలో కలిసి బాల్టిక్ సముద్రం చేరుతుంది. వెనకటికి సరస్సు ఇంకా పెద్దదట. పొలాల కోసం కాలవలు తవ్వి, నదిని సరిచేసి నీటిమట్టం దించేశారు.

ఆ మంచు ఊరికే రాలేదు, రాళ్లు మోసుకొచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇక రాజు సంగతి. పేరు పోపియెల్. చెడ్డవాడు. తన చిన్నాన్నలు, పెదనాన్నలు ఎదురు తిరుగుతారేమోనని భయపడి, విందుకి పిలిచి విషం కలిపి చంపి, శవాల్ని సరస్సులో పారేయించాడట. ఆ శవాల్లోంచి ఎలుకలు పుట్టుకొచ్చాయి. రాజు బురుజెక్కి దాక్కున్నాడు, ఎలుకలు నీళ్లు ఈదుకుంటూ వచ్చి, గోడలెక్కి, కొరికి కొరికి తినేశాయి. అందుకే ఆ బురుజుకి మిషా వ్యెజా అని పేరు, ఎలుకల బురుజు. పోలిష్‌లో ఎలుకని మిష్ అంటారు. వినాయకుడి మూషికం గుర్తొచ్చిందా? రెండూ ఒకే పాత వేరు నుంచి పుట్టిన మాటలు, నేను పోల్చి చెప్పడం కాదు, భాషలు చదివినవాళ్లు చెప్పేదే.

ఇప్పుడు లెక్క చూడండి. పోపియెల్ ఉన్నాడనుకున్నా 9వ శతాబ్దం వాడు. నేనెక్కిన బురుజు ఇటుకలది, 14వ శతాబ్దం మధ్యలో కాజిమిర్ మహారాజు కట్టించిన కోటలో భాగం. అంటే రాజు పోయాక దగ్గర దగ్గర 500 ఏళ్లకి బురుజు లేచింది! ఇంకోటి. ఈ కథని మొదట రాసిపెట్టినవాడు 12వ శతాబ్దం తొలినాళ్ల పరదేశి, అసలు పేరేమిటో తెలియదు, గాల్ అని పిలుస్తారు. ఆయన పోపియెల్‌ని గ్నియెజ్నో అనే వేరే ఊళ్లో పెట్టాడు. ఎలుకలకి భయపడి పారిపోయి ఒక దీవి మీద చెక్క బురుజులో దాక్కున్నాడని రాశాడు. చెక్క బురుజు, ఏ దీవో చెప్పలేదు. విషం, శవాలు, క్రుష్విత్సా, ఇవన్నీ తర్వాతి వాళ్లు ఒక్కోటే చేర్చుకుంటూ పోయారు. జర్మనీలో రైన్ నది మీద కూడా ఒక ఎలుకల బురుజుంది, అక్కడ ఎలుకలు తిన్నది ఒక బిషప్పుని. కథలు కూడా ఈదుతాయన్నమాట.

గాల్ రాసిన దాన్లో నాకు బాగా నచ్చింది ఎలుకలు కాదు, పియాస్త్ ఇంట్లో జరిగింది. రాజుగారి విందుకి ఇద్దరు బాటసారులొస్తే గెంటేశారు. వాళ్లు ఊరి చివర పియాస్త్ అనే రైతు గుమ్మం తొక్కారు (బండిచక్రాలు చేసేవాడని తర్వాతి కథల్లో అంటారు). ఆయన భార్య పేరు జెపిహా. ఆ రోజు వాళ్ల పిల్లాడికి మొదటిసారి జుట్టు కత్తిరించే వేడుక. చూశారా, మనం పుట్టువెంట్రుకలు తీయించినట్టే వాళ్లకీ ఉండేది, కాకపోతే వాళ్లు ఏడేళ్లొచ్చేదాకా ఆగేవాళ్లంటారు. ఉన్నదాంట్లోనే పెడదామని కూర్చోబెడితే, ఎంత పోసినా కుండలో బీరు తరగలేదు, ఎంత వడ్డించినా మాంసం అయిపోలేదు. అక్షయపాత్రే! చివరికి రాజునే ఆ విందుకి పిలిచారట. ఆ పిల్లాడు శెమోవిత్, తర్వాత పాలకుడయ్యాడు. అతని వంశంలోని మియెష్కో 966లో క్రైస్తవం తీసుకున్నాడు, పోలండ్ చరిత్రని అక్కణ్ణుంచే లెక్కపెడతారు. ఆ వంశంలో చిట్టచివరి రాజు 1370లో పోయాడు. ఎవరనుకున్నారు? బురుజు కట్టించిన కాజిమిరే.

కోట ఎందుకు లేదని అడుగుతారు. 1655లో స్వీడన్ సైన్యం పోలండ్ మీద పడింది, 1657లో వెళ్తూ వెళ్తూ కోటని తగలబెట్టారు. 1772లో ఈ ప్రాంతం ప్రష్యా అనే జర్మన్ రాజ్యం చేతికి పోయింది, మిగిలిన గోడల్ని కూడా తర్వాత పీకేశారు. 1919లో మళ్లీ పోలండ్‌కి వచ్చింది, 1939 నుంచి 1945 దాకా హిట్లర్ సైన్యం కింద నలిగింది. ఆ ఆరేళ్ల గురించి మీరు ఇంకాస్త పెద్దయ్యాక కూర్చోబెట్టి చెబుతాను.

బురుజుకి 109 మెట్లు. నేను మూడు చోట్ల కూర్చున్నాను, నా మోకాళ్ల సంగతి మీకు తెలుసుగా. వెనకాల వచ్చిన ఒక స్కూలు పిల్లల గుంపు నన్ను దాటుకుంటూ వరసగా దణ్ణం లాంటిదేదో చెప్పి పోయారు, ముద్దొచ్చారు. ఎనిమిది మూలల బురుజు, 32 మీటర్ల ఎత్తు, పైకెక్కితే గాలికి నా కొంగు ఆగలేదు. దక్షిణంగా చూస్తే సరస్సు అలా పోతూనే ఉంది, ఆ చివర కనబడదు. రెల్లు పొదల్లో బాతులు. కింద రుసాల్కా అనే చిన్న ఓడ జనాన్ని ఎక్కించుకుంటోంది.

దిగి చేపల వేపుడు తిన్నాం. ఇంటికొచ్చాక పిన్ని ఫోన్‌లో చదివి వినిపించింది. 1096లో ఇక్కడే పోలండ్ పాలకుడు వ్వాదిస్వావ్‌కీ అతని కొడుకు జ్బిగ్న్యెవ్‌కీ యుద్ధమైందట, కొడుకు పట్టుబడ్డాడు. సరస్సులో అంత రక్తం, అన్ని శవాలు కలిశాయని, మంచి క్రైస్తవుడెవడూ ఆ నీళ్ల చేప ముట్టలేదని గాల్ రాశాడు. అంతా తిన్నాక చెప్పింది, మీ పిన్ని!

అటు ఒడ్డున 12వ శతాబ్దపు చర్చి ఉంది, పీటర్, పాల్ అనే ఇద్దరి పేరున. బురుజు చూసి వెళ్లిపోయేవాళ్లు దీన్ని వదిలేస్తారు, నాకైతే బురుజు కన్నా ఇదే నచ్చింది. గోడ మీద చెయ్యి పెట్టాను. ఒక రాయి గులాబీ రంగు, పక్కది బూడిద రంగు, ఇంకోదాన్లో నల్ల చుక్కలు, గరుగ్గా, ఎండలో కూడా చల్లగా. చుట్టుపక్కల కొండ లేదు, గుట్ట లేదు, ఇంత గ్రానైట్ ఎక్కణ్ణుంచొచ్చిందంటారు? మంచు మోసుకొచ్చిందని చెప్పానే, అదే. పొలాల్లో పడి ఉన్న ఆ బండల్ని ఏరుకొచ్చి, చదరంగా చెక్కి పేర్చారు. అవి స్కాండినేవియా కొండల ముక్కలు. పోపియెల్ కథకి సాక్ష్యం లేదు, ఈ ప్రయాణానికి మాత్రం గోడే సాక్ష్యం.

బంగారు నాకు రాయి తెమ్మంది కదా. చర్చి గోడది తేలేను గానీ, సరస్సు ఒడ్డున నీళ్లలో ఒకటి దొరికింది, గులాబీ రంగుది, చింతపిక్క కన్నా కాస్త పెద్దది. ఎర్రగా ఉన్న సాక్సులో చుట్టి సూట్‌కేసులో పెట్టాను. ఒకటే ఉంది, కొట్టుకోకండి. సోమ, బుధ, శుక్రవారాలు బంగారు దగ్గర, మిగతా రోజులు చిన్నూ దగ్గర. ఆదివారం నా దగ్గర.

మీ
అమ్మమ్మ