ఉర్లగడ్డ వేపుడు: పిల్లలకు అవ్వ జాబు

తిరుపతి

పిల్లలకు అవ్వ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగారు కదా, హాస్టల్లో ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేపుడు ముద్దముద్దగా ఎందుకుంటుంది, ఇంట్లో అయితే కరకరలాడుతుందెందుకు అని. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఈ జాబు రాస్తున్నా.

ఉర్లగడ్డలో నూటికి ఎనబై పాళ్లు నీళ్లే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పిండి పదార్థం. కాగిన నూనెలో ముక్క పడగానే చుయ్‌మని బుడగలొస్తాయి చూడండి, అవి నూనె మరిగి వచ్చేవి కావు. ముక్కలోని నీళ్లు ఆవిరై బయటికి తోసుకొస్తున్నాయి. ఆ తోపుడు ఉన్నంతసేపూ నూనె లోపలికి పెద్దగా దూరలేదు. పైపొర ఆరి పెళుసెక్కుతుంది, లోపలి భాగం తన నీళ్లతో తానే ఉడికి వెన్నలా అవుతుంది. నూనె కాగకముందే వేసినా, బాండ్లి నిండా ముక్కలు కుక్కినా వేడి పడిపోతుంది, ఆవిరికి బలం చాలదు. ముక్కలు నూనె పీల్చుకుని మెత్తబడిపోతాయి. వందల మందికి ఒకే బాండ్లిలో చేసేచోట జరిగేది అదే. వంటవాళ్లను తప్పుపట్టకండి.

ఇక ఆ ఎర్రటి రంగు, ఆ వాసన. ఎన్ని గంటలు ఉడకబెట్టినా నీళ్లలోని గడ్డ ఎర్రబడదు. నీళ్లు నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి కాబట్టి. పైన తడి పూర్తిగా ఆరి, వేడి నూరు దాటి బాగా పైకి పోయాకే గడ్డలోని చక్కెరలూ, మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లాలూ కలిసి ఆ రంగునూ రుచినీ పుట్టిస్తాయి. మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో దీని గురించి రాశాడు. పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్లకు ముక్కుతోనే తెలిసిన విషయమిది.

ఇప్పుడు చేసే తీరు. తోలు తీసి వేలి కణుపంత ముక్కలు కోయండి. నీళ్లలో రెండుసార్లు కడిగితే పైనున్న పిండి పోతుంది, ఒకదానికొకటి అతుక్కోవు. పాత పంచెగుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వండి. చెనిక్కాయ (వేరుశెనగ) నూనె కాగాక ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, ఆ తర్వాత ముక్కలు. మూత పెట్టొద్దు, ఆవిరి నీళ్లై మళ్లీ ముక్కల మీదే పడుతుంది. ఊరికే కలపొద్దు, అడుగు ఎర్రబడేదాకా వదిలేసి గరిటెతో మెల్లగా తిప్పండి. ఉప్పు ముందే వేస్తే నీళ్లూరతాయి, సగం పైగా వేగాకే వేయాలి. దంచిన తెల్లగడ్డ (వెల్లుల్లి), మిరప్పొడి దించేముందు. ముందే వేస్తే మాడి ఘాటెక్కుతుంది.

ఒక విషయం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. ఉర్లగడ్డ దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. చెనిక్కాయ ఆ ఖండానిదే. మిరపకాయ కూడా అమెరికా నుంచి వచ్చిందే. అన్నమయ్య తిరుమలలో సంకీర్తనలు పాడిన కాలానికి ఈ మూడింట్లో ఒక్కటీ మన నేలకు రాలేదు. 1498లో వాస్కో డ గామా వచ్చాక, పోర్చుగీసు వాళ్ల ఓడలు తిరగడం మొదలయ్యాకే ఇవి మన దేశం చేరాయి. ఇప్పుడు చూడండి, ఉర్లగడ్డ మన పలమనేరు, కుప్పం వైపు మిట్ట నేలల్లోనే పండుతోంది. రాత్రిళ్లు చల్లగా ఉంటేనే గడ్డ బాగా ఊరుతుంది, ఆ చల్లదనం అక్కడుంది. ఎక్కడివో మూడు పంటలు వచ్చి మన ఆవాలు, కరివేపాకుతో ఒకే బాండ్లిలో కలిశాయి. కార్తీకంలో ఏడుకొండల మీద మబ్బు దిగి మూడు రోజులు ముసురు పట్టినప్పుడు, మిరియాల రసం అన్నంలో ఈ వేపుడు నంజుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నా సరే, అన్నం లోపలికి పోయేది దీంతోనే. ఇంటికి ఎవరు దిగులుగా వచ్చినా నేను మొదట బుట్టలో ఉర్లగడ్డలు ఉన్నాయా అని చూస్తాను.

గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి పిండి చక్కెరగా మారుతుంది, వేపితే నల్లబడి చేదొస్తుంది. గాలి తగిలే చోట, వెలుతురు పడకుండా గోనెసంచిలో ఉంచండి. వెలుతురుకు పచ్చబడిన గడ్డలో సోలనిన్ అనే విషం చేరుతుంది, వేపినా పోదు. కాస్త పచ్చబడితే ఆ భాగం లోతుగా కోసేయండి, బాగా పచ్చబడితే పారేయండి. అడుగున ఎర్రగా అంటుకున్న ముక్కల కోసం మీరు కొట్టుకుంటారని తెలుసు, కానీ నల్లగా మాడినవి మాత్రం వద్దు. అతిగా వేగిన ఉర్లగడ్డలో అక్రిలమైడ్ అనే చెడు పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. బంగారు రంగు రాగానే దించేయండి.

సెలవుల్లో మీరే చేస్తామంటే సంతోషం. తడి ముక్క పడితే నూనె ముఖం మీదికి చిట్లుతుంది, కాబట్టి పక్కన అమ్మనో నాన్ననో నిలబెట్టుకోండి.

మీ అవ్వ