దెబ్బ తగ్గకూడదు, మోత పెరగాలి: డ్రమ్స్‌కు ప్యారలల్ కంప్రెషన్

డ్రమ్ మీద స్టిక్ పడగానే పుట్టే శబ్దంలో రెండు భాగాలుంటాయి. మొదటిది దెబ్బ. కొన్ని మిల్లీసెకన్లలో నిట్టనిలువుగా లేచి పడిపోతుంది. రెండోది మోత. డ్రమ్ హెడ్, దాని కింది షెల్, చుట్టూ ఉన్న గది గాలి కలిసి ఊగి నెమ్మదిగా సద్దుమణిగే భాగం ఇది. మీటర్ చూస్తే దెబ్బే పెద్దది. చెవి లెక్క మాత్రం వేరు. సుమారు సెకనులో అయిదో వంతు కన్నా తక్కువ సేపుండే శబ్దాన్ని, అంతే తీవ్రతతో ఎక్కువ సేపు సాగే శబ్దం కన్నా చిన్నదిగానే చెవి లెక్కగడుతుంది. శబ్దశక్తిని కాసేపు కూడబెట్టుకున్నాక గానీ అది ఎంత పెద్దదో తేల్చుకోదు. అందుకే మీటర్ ఎర్ర గీతను తాకుతున్నా డ్రమ్స్ పల్చగా, దూరంగా వినిపించడం మిక్సింగ్‌లో తరచూ ఎదురవుతుంది. లయ ఎక్కడ పడిందో చెప్పేది దెబ్బ. ఆ వాద్యం ఎంత పెద్దదో, ఎంత దగ్గరలో ఉందో చెప్పేది మోత.

మోతను పెంచాలంటే మామూలుగా అందరూ కంప్రెసర్ దగ్గరికే వెళ్తారు. కానీ కంప్రెసర్ నేరుగా చేసే పని దెబ్బను నొక్కడం. థ్రెషోల్డ్ అనే హద్దు ఒకటి పెడతాం. శబ్దం ఆ హద్దు దాటితే, దాటినంత మేరను రేషియో ప్రకారం తగ్గిస్తుంది. రేషియో 4:1 అయితే హద్దు మీద 4 డెసిబెల్స్ ఎక్కిన చోట 1 డెసిబెలే బయటికొస్తుంది. ఆ తర్వాత మేకప్ గెయిన్‌తో మొత్తాన్ని పైకి లేపితే మోత ముందుకొస్తుంది, నిజమే. అప్పటికే దెబ్బలోని పదును పోయి ఉంటుంది. పాడేవారి గొంతుకు ఈ పద్ధతి బాగానే నప్పుతుంది. డ్రమ్స్‌కు ఆ పదునే ప్రాణం.

ప్యారలల్ కంప్రెషన్‌లో డ్రమ్స్ శబ్దాన్ని రెండు దారుల్లో పంపిస్తారు. ఒక దారిలో ఏ మార్పూ లేకుండా నేరుగా వస్తుంది. రెండో దారిలో కంప్రెసర్ కింద బాగా నలిగి వస్తుంది. చివర రెండింటినీ కలుపుతారు. నలిగిన దారిని విడిగా వింటే పదును లేక, ఊపిరి పీల్చి వదులుతున్నట్టు వికారంగా ఉంటుంది. అలా ఉన్నా ఫర్వాలేదు, దాన్ని ఎవరూ ఒంటరిగా వినరు. న్యూయార్క్ స్టూడియోల్లో బాగా వాడకం ఉండడంతో దీనికి న్యూయార్క్ కంప్రెషన్ అనే పేరూ ఉంది.

ఇందులోని కిటుకు అంకెలతో చూస్తేనే పూర్తిగా తెలుస్తుంది. ఒక స్నేర్ (చురుగ్గా, పెళపెళమని మోగే డ్రమ్) దెబ్బ శిఖరాన్ని 0 డెసిబెల్స్ అనుకుందాం. దాని మోత 400 మిల్లీసెకన్లలో మైనస్ 40కి దిగుతుంది. కంప్రెసర్ థ్రెషోల్డ్ మైనస్ 30, రేషియో 10:1, మేకప్ గెయిన్ 15. కంప్రెసర్ ఆలస్యం లేకుండా స్పందిస్తుందనీ అనుకుందాం. నలిగిన దారిలో శిఖరం మైనస్ 12 దగ్గర ఉంటుంది, చివరి మోత మైనస్ 25 దగ్గర. ఇప్పుడు దీన్ని నేరుగా వచ్చిన శబ్దానికి కలిపితే శిఖరం 2 డెసిబెల్సే పెరుగుతుంది. దారి మధ్యలో మైనస్ 15 దగ్గరున్న భాగం దాదాపు 7 డెసిబెల్స్ పెరుగుతుంది. థ్రెషోల్డ్ కింద ఉన్నదంతా 16 డెసిబెల్స్ పైకి లేస్తుంది. ఇంత తేడా ఎందుకొచ్చింది? శిఖరం దగ్గర అసలు శబ్దం చాలా పెద్దది కాబట్టి నలిగిన కాపీ దాని పక్కన లెక్కలోకి రాదు. మోత అడుగంటుతున్న చోట అసలు శబ్దం చిన్నదైపోతుంది, అక్కడ కాపీదే పెత్తనం. ఒక దారి నుంచి ఇంకో దారికి ఈ అప్పగింత ప్రతి దెబ్బకూ దానంతటదే జరిగిపోతుంది. కంప్రెసర్ చేసే వికారాలు కూడా దెబ్బ పడిన క్షణాన అసలు శబ్దం చాటున దాక్కుంటాయి.

ఈ ఆలోచన డ్రమ్స్ కోసం పుట్టలేదు. పాత క్యాసెట్ డెక్కుల మీద డాల్బీ అని రాసి ఉన్న స్విచ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ డాల్బీయే, రే డాల్బీ, 1965లో లండన్‌లో కంపెనీ పెట్టి, టేపు మీద వినిపించే బుస శబ్దాన్ని తగ్గించే ఎ-టైప్ పద్ధతిని తెచ్చాడు. పెద్ద శబ్దాలను ముట్టుకోకుండా నేరుగా పోనిచ్చి, పక్క దారిలో చిన్న శబ్దాలను మాత్రం తయారుచేసి రికార్డింగ్ సమయంలో అసలుకు కలపడం అందులోని ఉపాయం. తిరిగి వినేటప్పుడు అంతే మోతాదులో తీసేస్తారు, దాంతోపాటు బుస కూడా తగ్గుతుంది. మొదటి సగం చూస్తే అచ్చంగా ప్యారలల్ కంప్రెషనే. 1977లో మైక్ బెవెల్ స్టూడియో సౌండ్ పత్రికలో రాసిన వ్యాసంలో ఈ పద్ధతిని మిక్సింగ్ పనిముట్టుగా వివరించాడు. ఇంజినీరింగ్‌లో ఇంత పొదుపైన ఆలోచనలు అరుదు. కొత్త పరికరమేదీ అక్కర్లేదు, ఉన్న కంప్రెసర్‌నే వేరే చోట తగిలిస్తే చాలు.

ఇక వాడకం. నలిగిన దారిలో అటాక్, అంటే హద్దు దాటిన శబ్దాన్ని నొక్కడానికి కంప్రెసర్‌కు పట్టే సమయం, ఎంత వేగంగా ఉండాలన్నది ముందుగా తేల్చుకోవాలి. 1967లో వచ్చిన 1176 కంప్రెసర్ అటాక్‌ను 20 మైక్రోసెకన్ల దాకా తగ్గించవచ్చు. అంత వేగంలో దెబ్బ పూర్తిగా నలిగిపోయి కాపీలో మోతే మిగులుతుంది. మనకు కావాల్సింది అదే, దెబ్బ ఎలాగూ నేరు దారిలో ఉంది. అటాక్‌ను 20, 30 మిల్లీసెకన్లకు పెంచితే కాపీలోనూ దెబ్బ మిగిలి, కలిపినప్పుడు శిఖరం అవసరానికి మించి ఎగురుతుంది. నొక్కడం ఆపి మామూలు స్థితికి రావడానికి పట్టే సమయాన్ని రిలీజ్ అంటారు, దానికి పాట వేగమే కొలత. నిమిషానికి 120 బీట్ల పాటలో బీటుకూ బీటుకూ మధ్య 500 మిల్లీసెకన్లు ఉంటాయి. తర్వాతి దెబ్బ పడేలోగా మీటర్ ముల్లు వెనక్కి వచ్చేలా రిలీజ్ పెడితే ఆ ఊపు పాట నడకతో కలుస్తుంది. మరీ ఆలస్యమైతే మోత లేచే సమయమే దొరకదు.

సింబల్స్‌తో జాగ్రత్త. వాటి శబ్దంలో మోతే ఎక్కువ కాబట్టి కంప్రెసర్ ముందుగా వాటినే పైకి లాగి, మిక్స్ అంతా హోరు నింపుతుంది. కిక్, స్నేర్, టామ్స్ మాత్రమే ఈ దారిలోకి పంపి, కిట్ పైన వేలాడదీసే ఓవర్‌హెడ్ మైకులనూ, హైహ్యాట్ అనే జంట సింబల్స్‌నూ బయటే ఉంచడం నా దృష్టిలో మంచిది. స్నేర్ మైకులోకి హైహ్యాట్ ఎలాగూ కొంత దూరిపోతుంది, అదే చాలు.

చాలామంది పట్టించుకోని సమస్య ఇంకొకటి ఉంది, ఆలస్యం. రెండు దారులూ ఒకే క్షణాన చేరకపోతే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కాపీ 1 మిల్లీసెకను ఆలస్యమైతే 500 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది, ఆపైన 1,500, 2,500 దగ్గర. 500 హెర్ట్జ్ చుట్టుపక్కల కూడా స్నేర్ శబ్దం కొంత ఉంటుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు తమలో తగిలించే ప్లగిన్ల (కంప్రెసర్ లాంటి చిన్న ప్రోగ్రాముల) ఆలస్యాన్ని తామే సరిచేస్తాయి, కానీ బయటి పరికరానికి పంపి తెచ్చుకునేటప్పుడు మనమే సరిచూసుకోవాలి. కాపీ ఫేడర్‌ను, అంటే దాని లెవెల్ మార్చే మీటను, పెంచుతుంటే డ్రమ్ లావెక్కాల్సింది పోయి బోలుగా మారిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఫేడర్ పెంచితే మొత్తం శబ్దమూ పెరుగుతుంది. పెద్దగా వినిపించేదే బాగుందనిపించడం మనిషి చెవి స్వభావం. కాబట్టి కాపీ ఉన్నప్పుడూ లేనప్పుడూ మొత్తం లెవెల్ ఒకేలా ఉండేట్టు సర్దుకున్నాకే పోల్చి వినాలి. ఇలా పోల్చి చూస్తే చాలా మిక్సుల్లో ఫేడర్‌ను మళ్ళీ కిందికి దించాలనిపిస్తుంది.

మృదంగం, తబలాల దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతికి ఇంకో షరతు చేరుతుంది. మామూలు డ్రమ్ పొర నుంచి మూలస్వరంతో పాటు పుట్టే పైస్వరాలు దానికి పూర్ణాంక గుణిజాలుగా ఉండవు, అందుకే దాని మోతకు స్పష్టమైన శ్రుతి కనిపించదు. మన వాద్యాల మీది నల్లటి పూత ఆ పైస్వరాలను దాదాపు గుణిజాల వరుసలోకి తెస్తుందని సి.వి. రామన్, ఎస్. కుమార్ 1920లో నేచర్ పత్రికలో రాశారు. అంటే మృదంగం మోతకు శ్రుతి ఉంది. ఆ మోతను 16 డెసిబెల్స్ పైకి లేపితే ఆ శ్రుతి కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది. అప్పటిదాకా దెబ్బల చాటున ఎవరికీ పట్టని చిన్న అపశ్రుతి, తంబూరా పక్కన పచ్చిగా బయటపడుతుంది. ఆ తేడాను కంప్రెసర్ ఏ సెట్టింగూ దిద్దలేదు. రికార్డింగ్‌కు ముందే ఒక దెబ్బ కొట్టించి, నలిగిన దారిని మాత్రమే హెడ్‌ఫోన్లలో తంబూరాతో కలిపి వినాలి. తేడా ఉంటే మృదంగ విద్వాంసుడు రాయి, పుల్ల తీసుకుని అంచు మీద మళ్ళీ శ్రుతి చేయాల్సిందే.